దాదా నేర్పిన మరాఠీ

పోస్టుకు నేను చేరింది అక్టోబరులో, ఒక పొద్దున పదకొండు గంటలకు. కింద బేస్ నుంచి రెండు రోజుల నడక. వీపు మీద మందుల పెట్టె, నిద్రసంచి, భుజాన రైఫిల్. ఎండ కాస్తూనే ఉంది, వేళ్లు మాత్రం పనిచేయడం లేదు. కొండ అంచున నాలుగు బంకర్లు, ఒక వంటగది, ఒక రేడియో గది, చుట్టూ ముళ్లతీగ. చెట్టు లేదు. పిట్ట లేదు. ఆ పోస్టు పేరు, అక్కడున్న సైనిక కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాయకూడదు.

నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. కొండ మీద డాక్టరు ఉండడు కాబట్టి జవాన్లంతా నన్నే డాక్టర్ సాబ్ అనేవారు. మాది మోతె దగ్గర ఊరు. గొర్రెలు కాసుకునే ఇల్లు. గొర్రెలకు సూదేయమంటే పారిపోయేవాడు మనుషులకు వేస్తాడట, ఇంకెవరు బతుకుతారని మా నాన్న వాడకట్టంతా చెప్పుకుని నవ్వేవాడు.

ఆ కంపెనీలో దాదాపు అందరూ మరాఠీవాళ్లు. సతారా, సాంగ్లీ, కొల్హాపూర్ వైపు నుంచి వచ్చినవాళ్లు. తెలుగు మాట్లాడేవాడు ఒక్కడే దొరికాడు, వంటవాడు. వంటగది గోడకు చిన్న సిలువ తగిలించి ఉంది. నేను లోపలికి పోగానే గరిటె పట్టుకునే అడిగాడు.

"ఏ ఊరు డాక్టరుగారూ మీది?"

"మోతె. సూర్యాపేట దగ్గర."

"ఓరి దేవుడా! మాది కోదాడయ్యా. ఇంత దూరమొచ్చి పక్కూరోడిని చూస్తాననుకోలేదు. కూర్చో కూర్చో, ముందు టీ తాగు."

"అన్నా, నువ్వు అచ్చం ఆంధ్రోళ్ల తీర్గ మాట్లాడుతున్నవ్."

"చెక్‌పోస్టు దాటితే ఆంధ్రే కదా మాకు. గాలి తగలదా మరి?"

ఆ టీలో కిరోసిన్ వాసన వచ్చింది. అయినా రెండు గ్లాసులు తాగాను.

నా పని తేలికే అనుకున్నాను. రోజూ పొద్దున అందరినీ వరసగా నిలబెట్టి హిందీలో "కోయీ తక్లీఫ్?" అని అడగాలి. ఏమైనా బాధ ఉందా అని. అందరూ "నహీ సాబ్" అనేవారు. ఛాతీ ముందుకు, గడ్డం పైకి. మోర్టార్ పేల్చే జవాను ఒకడు కూడా ఒకరోజు అలాగే అన్నాడు. గంట తిరగకుండా వంటగది ముందు కూలబడ్డాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఎత్తైన చోట గాలి చాలక అలా అవుతుంది. ఆ రోజు ఆకాశం తేటగా ఉంది కాబట్టి హెలికాప్టర్ వచ్చింది, మనిషి దక్కాడు.

మధ్యాహ్నం హవల్దార్ నా బంకర్‌లోకి వచ్చాడు. పోస్టులో జవాన్లందరి బాగోగులు చూసేది ఆయనే. నలభై దాటిన మనిషి. మీసం మీద మంచు కరుగుతోంది. నా పక్కన పెట్టె మీద కూర్చుని హిందీలోనే మొదలుపెట్టాడు.

"హిందీలో అడిగితే హిందీలోనే అబద్ధం చెప్తారు. వీళ్లకు హిందీ అంటే పరేడ్ మైదానం. బాధ ఉందా అంటే లేదనాలి. అలాగే నేర్చుకున్నారు."

"మరెట్లా అడగాలి?"

"ఇంటి సంగతి అడుగు. మరాఠీలో అడుగు. ఇంటి సంగతి చెప్పేటప్పుడు ఎవడూ అటెన్షన్‌లో నిలబడడు. తల బరువెక్కినవాడికి మాట తడబడుతుంది. ఇష్టమైన మాట దగ్గర కూడా ఆగిపోతాడు. అదే గుర్తు."

తర్వాత వాళ్ల నాన్న గురించి చెప్పాడు. సాయంత్రం గొర్రెలను దొడ్లోకి తోలేటప్పుడు ఒక్కొక్కదాని వీపు మీద చెయ్యి వేసి పంపేవాడట. చెయ్యి వేస్తే చాలు, ఏది మేయలేదో తెలిసేదట. నేను లేచి కూర్చున్నాను. మా నాన్నదీ అదే పద్ధతి. ఆ మాట చెప్పగానే హవల్దార్ పెద్దగా నవ్వాడు, నా ఊరు అడిగాడు. మోతె అంటే ఆయనకు తెలియలేదు, సూర్యాపేట దగ్గర అన్నాను. ఆ రోజు నుంచి నన్ను డాక్టర్ సాబ్ అనడం మానేసి "సూర్యాపేట్" అని పిలిచేవాడు. నేను దాదా అనేవాణ్ణి. వాళ్ల భాషలో అన్న అని.

మంచు కరిగించి నీళ్లు చేసుకునే వేళ మా చదువు సాగేది. స్టవ్ మీద డబ్బా, డబ్బాకు అటు దాదా, ఇటు నేను. పెన్నులో సిరా గడ్డకట్టేది, అందుకని అంతా నోటితోనే. ఆయన అనేవాడు, నేను తిప్పి అనేవాణ్ణి. మొదటి మాట "బర హాయ్ కా?" బాగున్నావా అని. ఆ తర్వాత "పావూస్ పడ్‌లా కా?" వాన పడిందా. "మ్హైస్ వ్యాలీ కా?" బర్రె ఈనిందా. "కాందా కాఢ్‌లా కా?" ఉల్లిగడ్డ పీకారా. "విహిరీలా పాణీ కితీ?" బావిలో నీళ్లెంత. "ఆజ్ భాజీ కాయ్?" ఇవాళ కూరేంటి. "ఎస్టీ ఆలీ కా?" ఊళ్లోకి బస్సు వచ్చిందా. పాఠం అంటే ఇంతే. నా నాలుకకు 'ళ'లు బాగానే తిరిగేవి, వాళ్ల 'చ'లూ 'జ'లూ సతాయించేవి. సరిగ్గా వచ్చేదాకా దాదా వదిలేవాడు కాదు. నీళ్లు మరిగి సగమయ్యేవి.

వంటన్న ఊరుకునేవాడా? "నీ మరాఠీ వింటే ఈనబోయే బర్రె కూడా ఆగిపోద్దయ్యా" అని ఎగతాళి చేసేవాడు.

అయినా పని జరిగింది. పొద్దున టీ తాగేటప్పుడు ఒక్కొక్కడి పక్కన కూర్చుని ఒక్కో ఇంటి మాట అడిగేవాణ్ణి. ఎవరింట్లో ఏముందో దాదా ముందే చెప్పి ఉంచేవాడు. ఒక మెషిన్‌గన్ జవాను వాళ్లింట్లో కొత్త బావి తవ్వుతున్నారు. బావి మాట ఎత్తితే చాలు, ఎన్ని మూరల దగ్గర రాయి పడింది, ఎవరి బండి మీద మట్టి పోయింది, అన్నీ చెప్పేవాడు. నాకు సగమే అర్థమయ్యేది. ఒకరోజు "విహిరీలా పాణీ కితీ?" అంటే "పాణీ..." అని ఆగిపోయాడు. గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. మూడు రోజుల నుంచి తలనొప్పి, ఎవరికీ చెప్పలేదు. అదే రోజు కిందికి పంపాం. నెలకు తిరిగొచ్చి, బావిలో నీళ్లు పడ్డాయని పోస్టంతటికీ బెల్లం పంచాడు.

నాకొచ్చిన మరాఠీ అంతా దాదా నోటిదే. ఆయన ప్రశ్న చివర కొంచెం సాగదీసేవాడు. నాకూ ఆ సాగదీత వచ్చేసింది. బంకర్ అవతల నా గొంతు విని హవల్దార్ వస్తున్నాడనుకుని బీడీలు ఆర్పేసేవారు. నేను కనిపించగానే తిట్టేవారు. ఆ రోజుల్లో నవ్వినంతగా నేను మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు.

ఫిబ్రవరిలో దాదా ఒక గస్తీ దళాన్ని తీసుకుని పై శిఖరానికి పోయాడు. మా పోస్టుకన్నా చాలా ఎత్తు. మధ్యలో మంచు తుపాను పట్టుకుంది. అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు అక్కడే చిక్కుకున్నారు. రేడియోలో రోజూ ఒకే మాట వచ్చేది. "అందరూ క్షేమం. ఓవర్."

ఒక పొద్దున ఎనిమిదింటికి దిగి వచ్చారు. మబ్బు కొండ మీద కూర్చుంది. పది గజాల అవతల మనిషి కనపడడం లేదు. ముళ్లతీగ సందు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటి మాట అడుగుతూ లోపలికి పంపాను. అందరూ బాగానే చెప్పారు. చివర దాదా వచ్చాడు. నడక కొంచెం పక్కకు పోతోంది. అలసట అనుకోవచ్చు. నేను అనుకోలేదు.

"పావూస్ పడ్‌లా కా, దాదా?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. పెదాలు కదిలాయి. తర్వాత మడమలు కలిపి, ఛాతీ ముందుకు చాచి, హిందీలో చెప్పాడు.

"సబ్ ఠీక్ హై, సాబ్."

నన్ను సాబ్ అన్నాడు.

మెదడు వాపు. లోపల పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టాను. సూది వేశాను. అలాంటి వేళ కోసం ఒక పొడవాటి సంచి ఉంటుంది. మనిషిని అందులో పడుకోబెట్టి, జిప్పు వేసి, కాలితో పంపు తొక్కుతూ లోపల గాలి ఒత్తిడి పెంచాలి. మనిషిని కిందికి దించినంత ఫలితం. తొక్కడం ఆపకూడదు. జవాన్లు వంతులు వేసుకున్నారు. ఎవడి వంతు అయిపోయినా వాడు కదిలేవాడు కాదు.

రేడియో ఆపరేటర్ బేస్‌ను పిలిచాడు.

"ఒక రోగి. మెదడు వాపు. హెలికాప్టర్ వెంటనే కావాలి. ఓవర్."

"మబ్బు కిందిదాకా ఉంది. దారి కనపడడం లేదు. విడిపోగానే లేస్తాం. ఓవర్."

మోసుకుని దిగుదామన్నాను. దారి మీద కొత్త మంచు నడుము లోతు పడింది. పోస్టు కమాండర్ ఇద్దరిని పంపి చూశాడు. వాళ్లు మొదటి మలుపు కూడా దాటలేకపోయారు.

సంచికి ముఖం దగ్గర అరచేయంత అద్దం ఉంటుంది. దానికి ముఖం ఆనించి నేను అడుగుతూనే ఉన్నాను. బర్రె ఈనిందా దాదా. బావిలో నీళ్లెంత దాదా. నిద్రలోకి జారిపోకుండా ఉంచాలి. మధ్యాహ్నం దాకా ఆయన కళ్లు నా పెదాల వెంట తిరిగాయి. వంటన్న పొయ్యి ఆర్పేసి వచ్చి పంపు తొక్కాడు. తొక్కుతూ తెలుగులో ప్రార్థన చేశాడు. "ప్రభువా, ఈ అన్నని నిలబెట్టు తండ్రీ. వీళ్లమ్మ మొహం చూడు తండ్రీ." మరాఠీ కుర్రాళ్లకు ముక్క అర్థం కాలేదు, అయినా ఆయన ఆపిన చోటల్లా తల వంచారు.

మబ్బు సాయంత్రం నాలుగింటికి విడిపోయింది. కిందనుంచి హెలికాప్టర్ శబ్దం వచ్చింది. "రోగి పరిస్థితి చెప్పండి. ఓవర్" అన్నారు రేడియోలో. మైకు నా చేతిలోనే ఉంది. ఆపరేటర్ నా ముఖం చూసి, మైకు తీసుకుని, తనే చెప్పాడు. దాదా అప్పటికే వెళ్లిపోయాడు.

చేయాల్సిందంతా చేశావని బేస్‌లో మేజర్ డాక్టర్ చెప్పాడు. అది నిజమే. నిజమని నాకూ తెలుసు. దానివల్ల ఏడుపు ఏమీ తగ్గలేదు.

దాదాను ఇంటికి చేర్చే దళంలో నన్నూ పంపారు. చివరిదాకా పక్కనున్నది నేనని. సాంగ్లీ జిల్లాలో మిట్ట పొలాల మధ్య ఒక ఊరు. రాళ్లు, తుమ్మచెట్లు, ఎండిన జొన్న చేను. మోతె నుంచి మా చెలకల్లోకి పోతున్నట్టే అనిపించింది. ఊరు ఊరంతా రోడ్డు మీద నిలబడింది. జెండా తీసి మడిచాం. తుపాకులు గాలిలోకి పేల్చాం. దాదాకు పెళ్లి కాలేదు, వాళ్ల అన్న కొడుకు చితికి నిప్పు పెట్టాడు. ఇవన్నీ మీరు టీవీలో చూసే ఉంటారు. టీవీలో పొగ వాసన రాదు.

అన్నీ అయ్యాక లారీ ఎక్కబోతుంటే దాదా చెల్లెలు బయటికి వచ్చి మా అందరి ముఖాలూ చూసింది.

"సూర్యాపేట్ కోణ్ హాయ్?"

సూర్యాపేట్ ఎవరని. నేనే అన్నట్టు చెయ్యి ఎత్తాను. లోపలికి రమ్మంది.

వాళ్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సన్నటి మనిషి. కబురు తెలిసినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదట, నీళ్లు కూడా తాగలేదట. చుట్టూ ఆడవాళ్లు. నేను బూట్లు విప్పి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. అమ్మా, నీ కొడుకు కష్టపడి పోలేదు. నీ కొడుకు నేర్పిన మాటల వల్ల ఇంకో తల్లి కొడుకు బతికాడు. నువ్వు నాకు తమ్ముడిలాంటివాడివని నాతో అన్నాడు. వీటిలో ఒక్కదానికీ నా దగ్గర మరాఠీ లేదు. ఆమెకు హిందీ రాదు. నాకు వచ్చినవల్లా దాదా నేర్పిన ఆ ఇంటి మాటలే. ఊరికే కూర్చోలేక నోరు తెరిచాను.

"ఆయీ, బర హాయ్ కా?"

బిడ్డను కాల్చి వచ్చిన రోజు తల్లిని బాగున్నావా అని అడిగాను. అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. సిగ్గుతో తల దించుకున్నాను. గదిలో ఏడుపులు ఆగిపోయాయి. తల ఎత్తేసరికి ఆమె నన్నే చూస్తోంది. అప్పుడు కళ్లు మూసుకుంది.

"అజూన్ బోల్" అంది. ఇంకా మాట్లాడు అని.

నాకప్పుడు అర్థమైంది. ఆమె వింటున్నది నన్ను కాదు.

"పావూస్ పడ్‌లా కా?" అన్నాను.

వాన లేదు బిడ్డా అంది. దసరా వెళ్లాక ఒక్క చినుకు లేదు, జొన్న కంకి పట్టకుండానే ఎండింది అంది. బర్రె ఈనిందా అన్నాను. ఈనింది, పెయ్యదూడ, నుదుటి మీద తెల్ల మచ్చ, ఫోన్‌లో చెబుదామంటే నీకు కలవలేదు అంది. చాలా మాటలు నాకు అందలేదు. అందినవి చాలు. ఉల్లిగడ్డ అడిగాను. బావి అడిగాను. బస్సు అడిగాను. ఇవాళ కూరేంటని కూడా అడిగాను, పొయ్యి వెలగని ఇంట్లో. అన్నిటికీ ఓపికగా, ఒకటీ వదలకుండా జవాబు చెప్పింది. నా దగ్గర మాటలు అయిపోయాయి. మళ్లీ మొదటి నుంచి అడిగాను. ఆమె మళ్లీ చెప్పింది. దాదా చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుంది.

రెండోసారీ అయిపోయాక నేను ఆగాను. అప్పుడు ఆమె అడిగింది.

"ఘర్‌లా కవా యేణార్?"

ఇంటికి ఎప్పుడొస్తావు అని.

దాదా నాకు అడగడం నేర్పాడు. జవాబులు చెప్పడం నా పని కాదు, అవి జవాన్లు చెప్పేవారు. బయట లారీ హారన్ కొట్టారు. మా ఆఫీసర్ గుమ్మంలోకి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాత నాకు సెలవు ఇచ్చారు. మిరజ్‌లో రైలెక్కి సికింద్రాబాద్, అక్కడి నుంచి మిర్యాలగూడ. అప్పట్లో నా భార్య, బిడ్డ అక్కడే కిరాయి ఇంట్లో ఉండేవారు. అత్తగారిది పక్కనే వేములపల్లి. స్టేషన్ బయట గాలిలో మిల్లుల ఊక. నా భార్య నన్ను చూసి నిలబడిపోయింది.

"గింత బక్కగైనవేంది? ఏమైంది, జర చెప్పు."

"ఏం లేదు."

"ఏం లేకుంటే మొఖం గట్లెందుకుంటది? సరే తియ్, ఇంటికి నడువు. ముందుగాల బువ్వ తిను."

మరుసటి ఏడాది ఆ తల్లి కూడా పోయిందని కంపెనీవాళ్ల ద్వారా తెలిసింది.

ఇప్పుడు సూర్యాపేటలో ఉంటున్నాం. ఒక చిన్న దవాఖానలో సూదులేస్తాను, కట్లు కడతాను. వంటన్న కోదాడ హైవే మీద టిఫిన్ హోటల్ పెట్టాడు. అప్పుడప్పుడు పోతాను. దాదా మాట ఆయనా ఎత్తడు, నేనూ ఎత్తను. ఇంకో ఇడ్లీ ఎక్కువ వేస్తాడు. ఊళ్లోవాళ్లు మాత్రం మిలిటరీ అనగానే "ఎంతమందిని కాల్చినవే?" అని అడుగుతారు. ఒళ్లు మండుతుంది. బర్రెలు ఈనాయా అని అడిగి వచ్చానంటే నమ్ముతారా?

మొన్న మా బిడ్డకు బ్యాంకు ఉద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగ్ కొల్హాపూర్. ఇంట్లో అందరం సంతోషపడ్డాం. ఆ సాయంత్రం ఫోన్ పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"డాడీ, నీకు మరాఠీ వస్తదంట గద. అమ్మ చెప్పింది. జర నేర్పియ్."

"బర హాయ్ కా" అన్నాను. చాలా ఏళ్ల తర్వాత పైకి అన్నాను. సాగదీత కూడా అలాగే వచ్చింది.

బిడ్డ ఫోన్ వైపు చూసి నవ్వింది. "హాయ్ కాదు డాడీ, ఆహే అనాలె. గీడ సూడు, టీచర్ ఎట్ల చెప్తుందో. నీది తప్పు."

నేను దిద్దుకోలేదు. కావాలంటే ఇప్పుడు నేనూ ఆ పాఠాలు విని శుభ్రమైన మరాఠీ నేర్చుకోగలను. నేర్చుకుంటే దాదా గొంతు దాంట్లో కలిసిపోతుంది. అది నాకు ఇష్టం లేదు. "నువ్వు టీచర్ చెప్పినట్టే నేర్చుకో బిడ్డా, గదే మంచిది" అన్నాను.

ఆమె ఫోన్ ముందు పెట్టుకుని, టీచర్ వెంట గట్టిగా చదవసాగింది. ఒక ప్రశ్న, దాని జవాబు. ఒక ప్రశ్న, దాని జవాబు. పేరేమిటి, నా పేరిది. ఊరేది, మా ఊరిది.

"కధీ యేణార్?" అంది ఫోన్‌లో టీచర్. ఎప్పుడు వస్తావు.

"ఉద్యా యేణార్" అంది నా బిడ్డ హుషారుగా. రేపు వస్తాను. అంతే జవాబు. రెండు మాటలు. ఆ పొద్దు నా దగ్గర ఆ రెండు మాటలు లేవు.

లేచి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. కళ్ల ముందుకు కొండ రాలేదు, మంచు రాలేదు. వచ్చేది ఎప్పుడూ ఆ గదే. గోడకు ఆనుకుని ఆ తల్లి కూర్చుని ఉంది. కళ్లు మూసుకునే ఉంది. సరిగా వినపడాలని ముఖం కొంచెం నా వైపు తిప్పి, కొడుకు ఏ రోజు వస్తానంటాడోనని ఆగి ఉంది.